ఆరుబయటి షూటింగ్ బల్లకు ఏ పూత వేయాలి? జంషెడ్‌పూర్ ఎండావానలు చెప్పే సైన్సు

జంషెడ్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. గాలి ఎండిపోయి, తేమ 20, 25 శాతానికి పడిపోయే రోజులూ ఉంటాయి. నెలన్నర తిరిగేసరికి దల్మా కొండల మీద మబ్బులు దిగుతాయి. గాలిలో తేమ 90 శాతానికి చేరువవుతుంది. ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా కురిసే వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే పడుతుంది. ఈ రెండు కాలాలనూ ఆరుబయట భరించాల్సిన చెక్క పలక మీద ఏ పూత వేస్తే నిలుస్తుంది? వినడానికి వడ్రంగి ప్రశ్నలా ఉన్నా, దీని జవాబు రసాయన శాస్త్రంలో ఉంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది షూటింగ్ బల్ల. రైఫిల్ సైటును, తూటా తగిలే చోటునూ ఒకదానితో ఒకటి సరిపెట్టేటప్పుడు షూటర్ కూర్చుని, తుపాకీని ఇసుక సంచుల మీద ఆనించి కాల్చే బల్ల ఇది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో నిలబడి కాలుస్తారు, ఎన్‌సీసీ ఫైరింగులో పడుకుని కాలుస్తారు. అందువల్ల ఈ బల్లను చూడనివారే ఎక్కువ. అయితే పార్కులో బెంచీకి, పెరట్లో ఉయ్యాల బల్లకు, వీధి తలుపుకు ఉండే సమస్యలన్నీ దీనికీ ఉంటాయి. వాటికి లేని మరో రెండు సమస్యలు అదనంగా ఉంటాయి.

మొదటిది కదలిక. బల్ల మీద తుపాకీ ముందు, వెనక ఆనుకునే చోట్ల మధ్య దూరం 300 మిల్లీమీటర్లు అనుకుందాం. గురి కుదిరాక ట్రిగ్గర్ నొక్కేలోపు వంకర తిరిగిన పలక కిర్రుమని అర మిల్లీమీటరు కుంగిందంటే, 50 మీటర్ల దూరంలో గురి 83 మిల్లీమీటర్లు తప్పుతుంది. రెండోది సీసం. దాని సంగతి తరువాత చూద్దాం, ఎందుకంటే పూత ఎంపికను చివరకు తేల్చేది అదే.

చెక్క ఎంత ఉబ్బుతుంది?

నరికి ఎండబెట్టి రంధా పట్టిన తరువాత కూడా చెక్క చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. ఎంత వేడి, ఎంత తేమ ఉన్న గాలిలో చెక్క ఎంత నీటి దగ్గర స్థిరపడుతుందో పట్టికలున్నాయి. మే నెల ఎండలో చెక్క బరువులో నీరు 6 శాతానికి దిగవచ్చు. ఆగస్టులో నీడలో ఉన్నా 18 శాతానికి ఎక్కవచ్చు. తేడా 12 పాయింట్లు.

ఇప్పుడు లెక్క. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి దాదాపు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుంది. ఈ మార్పంతా నీరు 30 శాతం నుంచి సున్నాకు దిగేటప్పుడు జరుగుతుంది కాబట్టి, వలయాల వెంబడి ఒక్కో పాయింటుకు 0.19 శాతం చొప్పున 12 పాయింట్లకు 2.3 శాతం వస్తుంది. 600 మిల్లీమీటర్ల వెడల్పు పలక మే, ఆగస్టు నెలల మధ్య 14 మిల్లీమీటర్ల దాకా ఉబ్బగలదన్నమాట. దుంగను మరో దిశలో కోసి తీసిన పలకైతే 6 మిల్లీమీటర్లు. పొడవులో మార్పు దాదాపు ఉండదు. మంచి చెక్కగా పేరున్న టేకు సంగతే ఇది. జార్ఖండ్ అడవుల్లో విరివిగా ఉండే సాల్, అంటే మన గుగ్గిలం చెట్టు, గట్టిదే కానీ టేకు కన్నా ఎక్కువగా కదులుతుంది.

ఏ పూతా ఈ ఉబ్బును పూర్తిగా ఆపలేదు. నెమ్మదింపజేస్తుంది, అంతే. నాలుగు రోజుల ముసురు చెక్క లోపలికి చేరేలోపే మళ్లీ ఎండ వస్తే, నెమ్మదింపజేయడం కూడా పెద్ద మేలే. అయితే పూత కింద చెక్క కదులుతూనే ఉంటుంది కాబట్టి, పూతకూ దాంతో పాటు సాగే గుణం ఉండాలి. గాజులా గట్టిపడే పూత ఇంట్లో డైనింగ్ టేబుల్‌కు అందం. ఆరుబయట అది ముందుగా పగిలేది.

వాన కంటే ఎండే శత్రువు

పూత పాడవడానికి వానే కారణమని చాలామంది అనుకుంటారు. మొదటి దెబ్బ కొట్టేది ఎండ. చెక్కలో సెల్యులోజ్ నారలను పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం లిగ్నిన్. అతినీలలోహిత కిరణాలను అది బాగా పీల్చుకుంటుంది. ఆ శక్తికి దాని బంధాలు తెగి, నీటిలో కరిగే ముక్కలుగా మారతాయి. ఆ ముక్కలను కడిగేయడం వాన చేసే పని. పైన మిగిలిన తెల్లని నారల మీద నల్లని బూజు పెరుగుతుంది. పాత బల్ల బూడిద రంగుకు తిరగడం వెనక జరిగేది ఇదే.

ఈ కిరణాలు చెక్కలోకి దాదాపు 75 మైక్రోమీటర్లు, అంటే తల వెంట్రుక మందమంత లోతే చొరబడతాయి. అందుకే బూడిద రంగు తిరిగిన చెక్క కుళ్లినట్టు కాదు. మెత్తని కలప కూడా వందేళ్లలో ఇలా అరిగేది సుమారు 6 మిల్లీమీటర్లే. కుళ్లడం వేరే కథ. చెక్కలో నీరు 30 శాతం దరిదాపులకు చేరి, అక్కడే చాలా కాలం నిలిచినప్పుడు శిలీంధ్రాలు చేసే పని అది. నీరు 20 శాతం లోపు ఉంటే అది మొదలవదు.

అయితే ఆ వెంట్రుక మందమే పూతకు పునాది. మెరిసే పారదర్శక వార్నిష్ గుండా వెలుతురు చక్కగా లోపలికి పోతుంది. పైన పూత బాగానే కనిపిస్తూ ఉంటుంది. అడుగున లిగ్నిన్ పిండి అవుతూ ఉంటుంది. ఒకరోజు పూత పొరలు పొరలుగా లేస్తుంది. వెనక్కి తిప్పి చూస్తే సన్నని నార అంటుకుని ఉంటుంది. నిజానికి అక్కడ వార్నిష్ ఊడిరాలేదు, దాని కింది చెక్కే ఊడివచ్చింది. ‘మంచి కంపెనీదే వేశాం, అయినా లేచిపోయింది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

రంగు పెయింట్ ఈ పరీక్షలో సులువుగా గెలుస్తుంది. టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ వంటి వర్ణకాలు కిరణాలను చెక్క దాకా పోనివ్వవు. ఐరన్ ఆక్సైడ్ అంటే మరేదో కాదు, తుప్పుకు, ఎర్రమట్టికి, నోవాముండి గనుల నుంచి ఉక్కు కర్మాగారానికి వచ్చే ఇనుప ఖనిజానికి దగ్గరి చుట్టమే. చెక్క నార కనిపించాలి అనే కోరికను వదులుకుంటే, ఆరుబయటి పూత సమస్య సగం తీరిపోతుంది. షూటింగ్ బల్లకు ఆ కోరిక ఎందుకో కూడా ఆలోచించాలి. పైగా నిగనిగలాడే వార్నిష్ మీద పడిన ఎండ షూటర్ కళ్లలోకే కొడుతుంది.

లక్క రాష్ట్రంలో లక్క పనికిరాని చోటు

దేశంలో లక్క ఉత్పత్తిలో మొదటి స్థానం జార్ఖండ్‌దే. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురు ఇది. దీని మీద పరిశోధనకు 1924లోనే రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో సంస్థ ఏర్పడింది. ఇప్పుడది జాతీయ ద్వితీయ వ్యవసాయ సంస్థ పేరుతో పనిచేస్తోంది. లక్కను శుద్ధి చేసి స్పిరిట్‌లో కరిగిస్తే వచ్చేదే చెక్కసామాను మీద వేసే ఫ్రెంచ్ పాలిష్. మరి స్థానికంగా దొరికే ఈ పూతనే బల్లకు వేస్తే?

ఇక్కడ ఒక వింత ఉంది. అమెరికాలోని మాడిసన్ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల శాస్త్రవేత్తలు 1985లో 91 రకాల పూతలను పోల్చి చూశారు. పూత వేసిన పైన్ చెక్కలను 30 శాతం తేమ ఉన్న గాలి నుంచి 90 శాతం తేమలోకి మార్చి, ఎవరు ఎంత ఆవిరిని లోపలికి రానిచ్చారో తూచారు. కరిగించిన పారఫిన్ మైనం, రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ అగ్రస్థానంలో నిలిచాయి. నూనె పూతలు అట్టడుగున మిగిలాయి. లక్క మాత్రం నూనెల కన్నా ఎంతో మెరుగ్గా నీటి ఆవిరిని అడ్డుకుంది.

అయినా అది ఆరుబయటకు పనికిరాదు. ఆవిరిని ఆపడం వేరు, నిలిచిన నీటిని ఓర్చుకోవడం వేరు. తడి తగిలితే లక్క పూత తెల్లబారుతుంది. వేడికి మెత్తబడుతుంది. మే నెల ఎండలో ముదురు రంగు పలక ఉపరితలం 60 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ వేడికి ఇసుక సంచి పూతకు అతుక్కుంటుంది. స్పిరిట్ ఒలికితే కరిగిపోతుంది. మహాభారతంలోని లక్క ఇంటికి నిప్పు భయం ఉండేది. షూటింగ్ బల్లకు ఎండ చాలు.

వంటనూనె ఎందుకు ఆరదు?

ఇంట్లో మిగిలిన కొబ్బరి నూనో, వేరుశనగ నూనో రాస్తే చాలదా అని అడిగేవారుంటారు. నూనెల్లో ఆరేవి, ఆరనివి అని రెండు జాతులున్నాయి. నూనె అణువుల్లోని జంట బంధాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఒకదానికొకటి అల్లుకుంటే నూనె గట్టిపడుతుంది. ఆ బంధాలు ఎన్ని ఉన్నాయో అయొడిన్ విలువ చెబుతుంది. కొబ్బరి నూనెకు అది 10 లోపు, వేరుశనగ నూనెకు 90 దరిదాపులు, అవిసె నూనెకు 170కి పైన. మొదటి రెండూ ఎన్నాళ్లైనా జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టుకుంటాయి. అవిసె నూనె ఆరుతుంది. అందుకే తరతరాలుగా చిత్రకారులు రంగుల్లో, వడ్రంగులు వార్నిష్‌లో దాన్నే వాడారు.

కానీ ఒక్క అవిసె నూనెనే పూస్తే అది నీటి ఆవిరిని దాదాపు ఆపదు. అదనంగా, వానాకాలంలో బూజుకు ఆహారమవుతుంది. ప్రమాదం మరొకటుంది. నూనె ఆరడమంటే ఆక్సిజన్‌తో కలవడం, కలిసేటప్పుడు వేడి పుడుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటకు పోలేక, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డలు అంటుకుంటాయి. 42 డిగ్రీల మధ్యాహ్నం షెడ్డులో ఇది మరీ సులువు. గుడ్డలను విడదీసి బయట ఆరేయాలి, లేదా నీటిలో ముంచి మూతపెట్టాలి.

వర్ణకం, బూజునాశని కలిపి అమ్మే ఆరుబయటి చెక్క నూనెలు ఇంతకన్నా మెరుగు. పొరలా లేవవు కాబట్టి గోకే పని లేదు. ఏడాదికోసారి కడిగి మళ్లీ పూస్తే సరిపోతుంది. పార్కు బెంచీకి ఇవి చక్కని ఎంపిక. షూటింగ్ బల్లకు మాత్రం కాదు.

సీసం తేల్చే సంగతి

చాలా తూటాల వెనక భాగంలో పేలుడును మొదలుపెట్టే ప్రైమర్‌లో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు సమ్మేళనం ఉంటుంది. .22 తూటా అయితే ఎక్కువగా పై తొడుగు లేని సీసమే. ఎయిర్ రైఫిల్ గుళ్లలో కూడా సాధారణంగా ఉండేది సీసమే. కాల్చిన ప్రతిసారీ కంటికి కనపడని సీసపు పొడి కొంత బల్ల మీద పడుతుంది. దాని మీద చేతులు ఆన్చి, అదే చేత్తో టీ గ్లాసు పట్టుకుంటారు. రక్తంలో సీసం ఇంత ఉంటే ఫరవాలేదని చెప్పగల సురక్షిత స్థాయి ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడుకు అది చేసే హాని పూడ్చలేనిది.

కాబట్టి ఈ బల్ల ఉపరితలం తడిగుడ్డతో తుడిస్తే శుభ్రపడేదిగా ఉండాలి. నూనె మాత్రమే పట్టించిన చెక్క నార సందుల్లో పొడి ఇరుక్కుంటుంది. చిట్లిన వార్నిష్ పగుళ్లలోనూ అంతే. సందుల్లేని, గట్టి పొరగా ఏర్పడే పూత కావాలి. పొడి చీపురుతో ఊడిస్తే సీసం గాలిలోకి లేస్తుంది కాబట్టి అదీ పనికిరాదు.

ఎక్కువమంది మరిచిపోయేది పాత బల్లకు మళ్లీ పూత వేసేటప్పటి జాగ్రత్త. ఏళ్ల తరబడి కాల్చిన బల్లను పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దితే లేచే దుమ్ములో సీసం ఉంటుంది. ముందు సబ్బునీటితో కడగాలి. తరువాత నీటితో తడుపుతూ వాటర్‌ పేపర్‌తో రుద్దాలి. సన్నని రేణువులను ఆపే ఎన్95 స్థాయి మాస్కు కావాలి. పిల్లలు దగ్గర ఉండకూడదు, ఆ బట్టలను విడిగా ఉతకాలి. తొలగించే పెయింట్ పాతదైతే పెయింట్‌లోనే సీసం ఉండవచ్చు. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది.

మరి ఏది వేయాలి?

పైకప్పు లేని చోట ఉన్న బల్లకు పారదర్శక పూత జోలికి పోకపోవడమే మంచిది. పలకగా ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకుంటే కదలిక బెడద చాలావరకు పోతుంది, ఎందుకంటే అందులో పొరల నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉండి పరస్పరం ఉబ్బును ఆపుకుంటాయి. దీని జిగురు 72 గంటలు నీటిలో మరిగించినా విడిపోకూడదన్నది ప్రమాణం. అయితే ‘మెరైన్’ అన్న పేరు జిగురుకే, అంచులకు కాదు. కోసిన అంచులు గడ్డిపరకల కట్టలా నీటిని పీలుస్తాయి. అక్కడ ఎపాక్సీ రెండు పూతలు వేయాలి. ఎపాక్సీ నీటిని అద్భుతంగా ఆపుతుంది కానీ ఎండకు పసుపెక్కి సుద్దలా రాలుతుంది. అందుకే దాని మీద పెయింట్ తప్పనిసరి.

పలక పైన, కిందా రెండు వైపులా వుడ్ ప్రైమర్, దాని మీద ఆరుబయటి రకం మెరుపు లేని ఎనామెల్ రెండు పూతలు. గ్రిల్లులకు వేసే రెడాక్సైడ్ ప్రైమర్ ఇనుము కోసం, చెక్క కోసం కాదు. ఒక్క పైవైపే పూస్తే కింది నుంచి తేమ పీల్చుకుని పలక దోసెలా వంగుతుంది. తుపాకీ శుభ్రం చేసే ద్రావణాలు మామూలు ఎనామెల్‌ను మెత్తబరుస్తాయి. అవి ఒలికే అవకాశం ఉంటే రెండు భాగాలు కలిపే ఆరుబయటి పీయూ పెయింట్ ఎక్కువ తట్టుకుంటుంది. దాని గట్టిపరిచే భాగంలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు మంచివి కావు కాబట్టి గాలి ఆడేచోట బ్రష్‌తోనే వేయాలి, స్ప్రే చేయకూడదు. పీయూ కొనేటప్పుడు డబ్బా మీద ‘ఎక్స్‌టీరియర్’ అన్న మాట చూసుకోవాలి. ఇంటి లోపలికి వాడే రకాల్లో చాలావాటికి ఎండ పడదు.

షెడ్డు కింద ఉన్న టేకు బల్ల అందంగానే ఉండాలంటే, ఓడల తెరచాప కొయ్యల కోసం పుట్టిన స్పార్ వార్నిష్ వేయవచ్చు. నూనె పాలు ఎక్కువ కాబట్టి అది సాగుతుంది, యూవీని పీల్చే పదార్థాలు కలిసి ఉంటాయి. అయితే అవీ ఖర్చైపోయేవే. ఏటా వానలకు ముందు లేతగా రుద్ది ఇంకో పూత వేసే ఓపిక ఉన్నవారికే ఇది. మెలమైన్ పాలిష్ అయితే అసలు వద్దు.

ఉక్కు నగరంలో మేకుల గురించి చెప్పడం విడ్డూరమే కానీ, మామూలు ఇనుప స్క్రూలు ఇక్కడ కొంప ముంచుతాయి. చెక్కలోని టానిన్‌లతో తడిసిన ఇనుము కలిస్తే నల్లని మచ్చ పడుతుంది. పూర్వం రాతసిరా తయారైంది ఈ చర్యతోనే. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడితే ఆ బాధ ఉండదు. అసలు పలకే ఉక్కుది పెడితే? మే నెలలో దాని మీద మోచేయి ఆన్చి చూస్తే జవాబు తెలుస్తుంది.

పలకను 2 డిగ్రీలు వాలుగా బిగిస్తే నీరు నిలవదు. కాళ్లు నేలలో పాతకుండా రాయి మీద నిలిపితే చెదలకు దారి తగ్గుతుంది. వాడనప్పుడు టార్పాలిన్ కప్పవచ్చు. అయితే గాలి ఆడేలా ఎత్తి కట్టాలి. పలకకు అంటుకుపోయిన ప్లాస్టిక్ వానను ఆపుతుంది, లోపలి ఆవిరినీ ఆపుతుంది.

పూత వేసే కాలం గురించి జంషెడ్‌పూర్ కాలెండరే చెబుతుంది. దసరా వెళ్లి గాలి పొడిబారాక నవంబరులో, లేదా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. చెక్క ఆరిందో లేదో తెలియాలంటే అదే చెక్క ముక్కను వంటింటి తూకంలో వారానికోసారి తూచితే చాలు. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే. వేసిన పూత ఇంకా పనిచేస్తోందా అన్నదానికి నాలుగు చుక్కల నీళ్లు పరీక్ష. చుక్కలు ముత్యాల్లా నిలిస్తే ఫరవాలేదు. కొద్ది నిమిషాల్లో పరుచుకుని చెక్క నల్లబడితే మళ్లీ పూత వేసే సమయం వచ్చినట్టు.

ఏ డబ్బా కొనాలో తేలకపోతే, బల్లకు వేసేముందు మిగిలిన చెక్క ముక్కల మీద రెండు మూడు పూతలు వేసి, ఒక్కోదానిలో సగాన్ని వంటింటి అల్యూమినియం రేకుతో కప్పి, దక్షిణం వైపు గోడకు ఏటవాలుగా బిగించి ఒక వేసవి, ఒక వానాకాలం వదిలేయవచ్చు. దీపావళికి రేకు విప్పితే, పక్కపక్కనే కనిపించే రెండు సగాల్లో ఎండ ఏ పూతను ఎంత తిన్నదో కంటికే తెలుస్తుంది. పాఠశాల సైన్సు ప్రాజెక్టుకూ ఇది బాగుంటుంది, ఖర్చు బ్రష్ ధరే.